మూడో గంట తర్వాత

పెద్ద వరద వచ్చిన యాభై మూడో ఏట జరిగిన సంగతి ఇది. చెర్రీ పళ్ళు ఎర్రబడే రోజులు. మా ఊళ్ళో ఏ లెక్కయినా ఆ వరద నుంచే మొదలవుతుంది. ఫలానావాడు వరదకి ముందు పుట్టాడు, ఫలానావాళ్ళ పెళ్ళి వరద తర్వాత ఆరో ఏట అయింది, అని చెప్పుకుంటారు.

నేను ఒక తాళంచెవిని. ఇనుముది. జానెడు మీద నాలుగు వేళ్ళ పొడుగు. ట్రాన్సిల్వేనియా కొండల్లో లిండ్‌బాఖ్ అనే పల్లెలో, గుట్ట మీద, చర్చి చుట్టూ ఒక కోట ఉంది. ఆ కోట తలుపుకి ఉన్న తాళం నాది. నేను ఆ తాళానిదాన్ని అనాలేమో. తాళం అలాగే అంటుంది.

నన్ను చేసినవాడు కుంటి కమ్మరి. ముందు తాళం చేశాడు. దానికి ఒక చలికాలమంతా పట్టింది. నన్ను మూడు రోజుల్లో చేశాడు. రెండో తాళంచెవి చేస్తే చెయ్యి తీసేస్తామని ఊరి పెద్దలు చెప్పారు. రెండుంటే ఒకటి శత్రువు చేతికి పోతుందని వాళ్ళ భయం. అందుకే నేను ఒక్కదాన్నే.

ఈ ఊరివాళ్ళని సాక్సన్లు అంటారు. ఎప్పుడో ఎనిమిది వందల ఏళ్ళ కిందట హంగేరీ రాజు పిలిస్తే జర్మనుల దేశం నుంచి బళ్ళు కట్టుకొచ్చిన రైతులు. రాజు భూమి ఇచ్చాడు గాని, తాతార్లు, తురకలు గుర్రాలేసుకుని దాడికొస్తే ఎవరూ అడ్డం రారని వీళ్ళకి తొందరలోనే తెలిసింది. ప్రతి ఇంటికీ గోడ కట్టుకునే స్తోమత లేదు. అందరికీ కలిపి ఒక్క గోడ కట్టారు, చర్చి చుట్టూ. దేవుడికి ఒకటి, ప్రాణానికి ఒకటి అని రెండు కట్టడం దండగ అనుకున్నారు.

గోడకి నాలుగు బురుజులు. ఒకదాన్ని మాంసం బురుజు అంటారు. ప్రతి ఇంటివాళ్ళూ పందిమాంసం ఉప్పేసి పొగబెట్టి, దాని మీద తమ ఇంటి గుర్తు వేసి, ఆ బురుజులో తమ కొక్కేనికి వేలాడదీస్తారు. కొక్కేలన్నీ ఒక దూలానికి వరసగా ఉంటాయి. ఒక్కో కొక్కెం పైన ఇంటి నంబరు. ఆదివారం పొద్దున గంట కొట్టాక కాపలాదారు బురుజు తెరుస్తాడు. ఎవరి ముక్క వాళ్ళు కోసుకుని, కోసిన చోట మళ్ళీ ముద్ర వేసుకుని పోతారు, పక్కింటివాడు రెండో కోత కోయకుండా. ఒకే గోడ వెనక కలిసి చావడానికి సిద్ధపడ్డ మనుషులు, మాంసం దగ్గర మాత్రం ఒకరినొకరు నమ్మలేదు. దాన్ని నేను తప్పు పట్టను. వాళ్ళలా ఉండకపోతే తాళంచెవులకి పనేముంది.

ఇక మూడు గంటల సంగతి. ఆపద వస్తే చర్చి గంట మూడుసార్లు కొడతారు. మొదటిసారి కొడితే మనుషులు పైకి రావాలి. రెండోసారి కొడితే ముసలివాళ్ళని, పిల్లల్ని తేవాలి. మూడోసారి కొట్టగానే తలుపు మూసి నాతో తాళం వెయ్యాలి. ఆ తర్వాత, ఆపద తీరిందని విడుపు గంట మోగేదాకా ఎవరొచ్చినా తెరవకూడదు. రాజు వచ్చినా, పాదిరి వచ్చినా సరే. నేను పుట్టకముందు ఎప్పుడో దాడికొచ్చినవాళ్ళు ఒక ఆడమనిషిని తలుపు ముందు నిలబెట్టి ఏడవమన్నారట. లోపలివాళ్ళు జాలిపడి తెరిచారట. ఆ తర్వాత ఒక్కరూ మిగల్లేదట. మరి ఈ కథ ఎవరు చెప్పారో నేను అడగలేదు.

నన్ను పట్టుకునే పని జికేలి వాళ్ళింటిది. తండ్రి తర్వాత కొడుకు. పన్నెండు మంది చేతులు ఎరుగుదును. గట్టి చేతులు, చెమట చేతులు, ఒకడిది ఎప్పుడూ ఉల్లిపాయ వాసన. చివరివాడు సిమోన్. మూడు చలికాలాలు బడికి వెళ్ళాడు, తర్వాత పొలానికి వెళ్ళాడు. మాట తక్కువ. రోజంతా పక్కనుంటే రెండు మాటలు వినొచ్చు, అందులో ఒకటి గుర్రానికి.

వరద వచ్చిన రోజు అతనికి ఇరవై మూడేళ్ళు. వాళ్ళ నాన్న గంట బురుజు ఎక్కి తాడు లాగుతున్నాడు. నేను సిమోన్ చేతిలో ఉన్నాను.

అది బుధవారం, మధ్యాహ్నం. రాత్రంతా కురిసిన వాన పొద్దుటికి ఆగింది గాని, ఏరు ఆగలేదు. దిగువ వీధి అప్పటికే మునిగింది. మొదటి గంటకి మనుషులొచ్చారు. రెండో గంటకి ముసలివాళ్ళు, పిల్లలు, కోళ్ళ గంపలు, ఒక కుట్టుమిషను వచ్చాయి. మూడో గంట కొట్టారు. సిమోన్ తలుపు మూసి తాళం వేశాడు.

గుట్ట మీదికి నీళ్ళు రావు. వచ్చినా తలుపు కొట్టవు. ఏడిచి జాలి పుట్టించవు. ఆ తలుపు ఎందుకు మూశారో ఆ రోజు ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాళ్ళో. ఎవరూ అడగలేదు. మూడో గంట కొడితే మూయాలి, మూశారు.

కాసేపటికి బయట ఎవరో తలుపు బాదారు. ఆడగొంతు.

"అయ్యా, నేను సఫ్తాని. ఇటుకల లాజర్ భార్యని. నెలలు నిండాయి. తియ్యండయ్యా."

ఏటి ఒడ్డున ఇటుకలు కాల్చే కుటుంబాలు కొన్ని ఉండేవి. వాళ్ళు సాక్సన్లు కారు. చర్చిలో వాళ్ళకి కూర్చునే బల్ల లేదు, మాంసం బురుజులో కొక్కెం లేదు. వరద రాగానే వాళ్ళంతా అవతలి ఒడ్డున బట్టీ దిబ్బ ఎక్కారు. ఈమె ఇవతల ఒంటరిగా చిక్కుబడింది.

సిమోన్ నన్ను తాళంలో పెట్టాడు. సగం తిప్పాడు. అక్కడ ఆగాడు. బురుజు వైపు తలెత్తి అరిచాడు.

"నాన్నా, ఎవరో ఆడమనిషి."

పైనుంచి ఒకే మాట వచ్చింది.

"విడుపు గంట కొట్టలేదు."

అతను నన్ను వెనక్కి తిప్పి, తాళంలోంచి తీశాడు. నేను పుట్టిన దగ్గర్నుంచి సగం తిరిగి ఆగింది ఆ ఒక్కసారే.

చర్చిలో అందరూ కీర్తన పాడుతున్నారు. పాట ఆపితే బయటి కేకలు వాళ్ళకీ వినిపించేవి. ఆపలేదు. తలుపు దగ్గర ఉన్నది మేమిద్దరమే. ఆమె అరిచింది, తర్వాత మూలిగింది, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక పసిపిల్ల ఏడుపు. సిమోన్ నన్ను గుండెకి అదుముకుని నేల మీద కూర్చున్నాడు. నా పళ్ళు అతని చొక్కాలోంచి గుచ్చుకున్నాయి.

ఆవులు ఇంటికొచ్చే వేళకి నీళ్ళు తగ్గడం పెద్దాయనకి పైనుంచి కనిపించింది. విడుపు గంట కొట్టాడు. సిమోన్ తలుపు తీశాడు. సఫ్తా తలుపు పక్కన రాతి మీద, పిల్లని పావడాలో చుట్టుకుని పడి ఉంది. ఆమె కళ్ళు తెరిస్తే ఎదురుగా సిమోన్. అతని చేతిలో నేను. ఆడవాళ్ళు పరుగున వచ్చి ఆమెని లోపలికి మోసుకెళ్ళారు. పాలు కాచి ఇచ్చారు. ఆదివారం కాకపోయినా జికేలివాళ్ళ కొక్కెం నుంచి మాంసం కోసి పెట్టారు. ఆమె వెళ్ళేటప్పుడు సిమోన్ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. తలుపు తీసినవాడు అతనే అని ఆమె లెక్క. మూసి ఉంచినవాడు ఇంకెవరో అనుకుంది. అతను చెప్పలేదు. నేను చెప్పలేను.

తర్వాత చాలా జరిగింది, క్లుప్తంగా చెబుతాను. వరద తర్వాత ఇరవయ్యో ఏట రాజ్యం మారింది. సరిహద్దు తెరిచారు. ఊరివాళ్ళు జర్మనీకి పోవడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో ఒక అలవాటు ఉంది. ఇల్లు వదిలి పోయేవాడు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోవాలి. మొదటి ఇంటివాడు రెండో ఇంట్లో ఇచ్చి పోయాడు. రెండో ఇంటివాడు రెండూ మూడో ఇంట్లో ఇచ్చి పోయాడు. అలా వీధంతా పోగా నలభై ఆరు తాళంచెవులు సిమోన్ ఇంటికి చేరాయి. గోడకి మేకులు కొట్టి అన్నింటినీ తగిలించాడు, నా పక్కన. ఆ ఇళ్ళు చాలావరకు కూలిపోయాయి. తాళంచెవులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

అతను పోలేదు. ఎందుకని పాదిరి అడిగితే, "తాళం వెయ్యాలిగా" అన్నాడు.

ఆ పైన నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. కోట చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో రావడం మొదలుపెట్టారు. తలుపు మీద ఒక కాగితం, దాని మీద ఫోను నంబరు. వాళ్ళు ఫోను చేస్తే పక్కింటి రోదికా తీసి, గోడ మీంచి కేకేస్తుంది. సిమోన్ నన్ను తీసుకుని గుట్ట ఎక్కుతాడు. వచ్చినవాళ్ళు చర్చిని పావుగంట చూస్తారు, నన్ను అరగంట చూస్తారు. చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఫొటో దిగి, ఇది అసలుదేనా అని అడుగుతారు. సిమోన్ తలుపు తీసి చూపిస్తాడు. అంతకంటే ఏం చెబుతాడు.

చెర్రీలు ఎర్రబడ్డ ఆ వారం, సోమవారం నాడు ఉత్తరం వచ్చింది. సిమోన్‌కి చూపు ఆనడం లేదు. రోదికా చదివింది.

"గౌరవనీయులైన సిమోన్ జికేలి గారికి. మా అమ్మ సఫ్తా ఈ చలికాలంలో పోయింది. వరద రోజు కోట తలుపు తెరిచి మా ఇద్దరి ప్రాణాలు కాపాడింది మీరేనని అమ్మ రోజూ చెప్పేది. నాకు మీ పేరే పెట్టింది. నేను ఇటలీలో ఒక ముసలమ్మగారిని చూసుకునే పనిలో ఉన్నాను. శనివారం వస్తాను. కోట చూడాలి, మీకు దండం పెట్టుకోవాలి. ఇట్లు, సిమోనా."

రోదికా ఉత్తరం మడిచింది.

"ఇంత మంచిపని చేసి యాభై మూడేళ్ళు నోరు విప్పలేదా బాబాయ్. నోటికి కూడా తాళం వేసుకున్నావా ఏంటి."

"పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసుకో."

"నేను పొయ్యి మీద పాలు పెట్టలేదు."

"అయితే పోయి పెట్టు."

ఆ వారం అతను సరిగా తినలేదు. మంగళవారం నా పళ్ళకి పందికొవ్వు రాశాడు. బుధవారం అది తుడిచి మళ్ళీ రాశాడు. గురువారం గుట్టెక్కి తలుపు మీది కాగితం పీకేశాడు, నంబరు లేకపోతే ఎవరూ రారన్నట్టు. మళ్ళీ అతికించాడు. శుక్రవారం నన్ను పొయ్యి వెనక బూడిదలో దాచాడు. తాళంచెవి పోయిందని చెప్పే ఆలోచన. రొట్టె ముక్క తినేంత సేపు కూడా కాలేదు, వచ్చి తీసి కోటు చేత్తో తుడిచాడు. ఊరుకుంటే చాలు. ఆమె దండం పెడుతుంది, ఇతను తలూపుతాడు, అయిపోతుంది. చెబితే, చచ్చిపోయిన తల్లి చెప్పుకున్న మాట అబద్ధమవుతుంది. ఎటు తిరిగినా నింద పడేది నా మీదే అనిపించింది నాకు. ఇనుముకి భయమేమిటి అంటారేమో. తుప్పు భయం ఒకటి ఉంది. ఇది అలాంటిదే.

శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. పొడుగాటి మనిషి, నల్ల గుడ్డ తలకి కట్టుకుంది, కాళ్ళకి మంచి బూట్లు. చేతిలో తెల్లగుడ్డ మూట. రోదికా గోడ దగ్గర నిలబడి ఒకటే నవ్వు.

"ఈయనేనమ్మా మీ సిమోన్. మాటలకి ఎదురుచూడకు. సైగ చేస్తే అదే ఉపన్యాసం అనుకో."

సిమోనా వంగి అతని చేతులు పట్టుకోబోయింది. ఒక చేతిలో నేను ఉన్నాను. ఇంకో చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు చూద్దాం రా అమ్మా" అన్నాడు.

గుట్టెక్కారు. తలుపు తీశాడు. బురుజులు చూపించాడు, బల్లలు చూపించాడు. మాంసం బురుజులో దూలం కింద ఆమె చాలాసేపు నిలబడింది. కొక్కేలన్నీ ఖాళీ.

"ఇక్కడ మాకు కొక్కెం ఉండేది కాదు కదండీ."

"లేదు."

"అమ్మ ఒక్కటే కోరింది. నా పేరు మీద ఒక ముక్క ఆ బురుజులో ఉండాలే, తలుపు తీసిన ఆయనకి అది నా మర్యాదే, అని." మూట పైకెత్తి చూపింది. "మా పిన్ని పెంచిన పంది. అమ్మ పోయినప్పుడు వచ్చి పొగ నేనే పెట్టాను."

అతను మూట వైపు చూడలేదు.

"అమ్మకి పాలు ఎక్కడ ఇచ్చారండీ."

ఆడవాళ్ళు మంచం వేసిన మూల చూపించాడు.

"మరి నన్ను ఎక్కడ కన్నది."

సిమోన్ నిలబడిపోయాడు. ఇదిగో ఇక్కడే అని ఆ మూలే చూపించవచ్చు. ఎవరు కాదంటారు. చూసినవాళ్ళంతా జర్మనీలో ఉన్నారు, లేదా చర్చి వెనక మట్టిలో ఉన్నారు.

అతను వెనక్కి తిరిగి నడిచాడు. ఆమె వెంట వచ్చింది. ఆవరణ దాటాడు, తలుపు దాటాడు, బయటికి వచ్చి రాయి దగ్గర ఆగాడు. నా కొసతో చూపించాడు.

"ఇక్కడ."

ఆమె రాయిని చూసింది. తలుపుని చూసింది.

"ఇది బయట కదండీ."

"బయటే."

"అమ్మ లోపలన్నది. మీరు తెరిచాక లోపల కన్నానంది."

"లోపల కాదమ్మా. నువ్వు పుట్టాకే తెరిచాను."

ఆమె మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"అప్పటిదాకా తాళంచెవి ఎవరి దగ్గరుంది."

అతను నన్ను పైకెత్తాడు.

"నా దగ్గరే."

"ఎంతసేపు."

"మూడో గంట నుంచి విడుపు గంట దాకా."

"మీ గంటలు నాకు తెలియవు. మనుషుల లెక్కలో చెప్పండి."

"భోజనాల వేళ నుంచి ఆవులు ఇంటికొచ్చే వేళ దాకా."

"ఆమె పిలిచిందా."

"పిలిచింది. పేరు చెప్పింది. నెలలు నిండాయని చెప్పింది."

"మీకు వినపడింది."

"వినపడింది. నీ ఏడుపూ వినపడింది."

అతను నన్ను సగం తిప్పిన సంగతి చెబుతాడని ఎదురుచూశాను. వాళ్ళ నాన్నని అడిగిన సంగతి చెబుతాడని ఎదురుచూశాను. చెబితే కాస్త తేలికయ్యేది. చెప్పలేదు. ఆ రెండూ మింగేశాడు.

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది.

"మీరు లోపలికి వెళ్ళండి."

అతను ఆమె ముఖం చూశాడు.

"వెళ్ళి తలుపు మూసి తాళం వెయ్యండి. నేను ఇక్కడ ఉంటాను."

వెళ్ళాడు. తలుపు మూశాడు. నన్ను తాళంలో పెట్టి తిప్పాడు. గడియ పడ్డ చప్పుడు ఎన్ని వేలసార్లు విన్నానో, ఆ రోజు అది నాకే కొత్తగా వినిపించింది. అతను నన్ను తాళంలోంచి తీయలేదు. పట్టుకునే నిలబడ్డాడు, ఆమె తలుపు ఎప్పుడు కొడుతుందా అని. కొట్టగానే తిప్పాలి. చెయ్యి సిద్ధంగా ఉంది.

ఆమె కొట్టలేదు. పిలవలేదు. ఏడవలేదు. గోడ మీద పిచ్చుకలు తప్ప చప్పుడు లేదు. అతను చెవి తలుపుకి ఆనించాడు. ఊపిరి కూడా వినిపించలేదు. ఒక్కసారి కొట్టు తల్లీ అని గొణిగాడు, ఎవరికీ వినపడనంత చిన్నగా. ఆ కొట్టే చప్పుడు కోసం అతను ఎంతసేపు నిలబడ్డాడో నేను చెప్పలేను. నీడ రాతి మెట్టు దాటి గోడ ఎక్కింది.

చివరికి, ఎవరూ అడక్కుండానే, నన్ను తిప్పాడు. పూర్తిగా.

బయట ఎవరూ లేరు. రాతి మీద తెల్లగుడ్డ మూట ఉంది. దిగువ వీధికి పోయే బాటలో నల్ల గుడ్డ కట్టిన తల దూరంగా పోతూ కనిపించింది. వెనక్కి తిరగలేదు. అతనూ పిలవలేదు.

మర్నాడు ఆదివారం. తెల్లవారగానే సిమోన్ మూట తీసుకుని గుట్టెక్కాడు. మాంసం బురుజులో తమ ఇంటి కొక్కెం పైనున్న నంబరుని చాకుతో గీకేశాడు. బొగ్గు ముక్కతో అక్కడ సఫ్తా అని రాశాడు. మూడేళ్ళ చదువు, ఆ ఒక్క పేరుకి చాలాసేపు పట్టింది. మాంసం ఆ కొక్కేనికి తగిలించాడు. కోయలేదు. తర్వాత గంట బురుజు ఎక్కి విడుపు గంట కొట్టాడు. వరద రోజు తర్వాత ఆ గంట మోగడం అదే. రోదికా పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. ఆమె వచ్చేసరికి అతను తలుపు బయట, ఆ రాయికి పైన, గోడలో మేకు దిగ్గొడుతున్నాడు. నన్ను దానికి తగిలించాడు.

"మతిపోయిందా బాబాయ్. ఎవడన్నా ఎత్తుకుపోతాడు."

"పోనీ."

"లోపల నువ్వుంటే మరి తలుపు ఎవరు తీస్తారు."

"బయటున్నవాళ్ళు."

ఆమె నన్ను చూసింది, అతన్ని చూసింది, ఇంకేమీ అనకుండా చేతులకున్న పిండి దులుపుకుంది. సిమోన్ రాతి మీద పడ్డ సున్నం పొడి కోటు చేత్తో తుడిచాడు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. తాళం వెయ్యలేదు. వెయ్యాలన్నా, నేను బయట ఉన్నాను.